ఎవరింట్ల తిన్నవ్

బాలనర్సమ్మ కడుపులో నొప్పి ఎప్పుడు మొదలైందో ఆమె చెప్పగలదు గానీ, ఎందుకు మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు. అది బొడ్డుకు కాస్త పైన పుట్టి, ఎడమ రొమ్ము కింద దాకా పాకి, అక్కడ కాసేపు తీరిగ్గా కూర్చుని, బుద్ధి పుట్టినప్పుడు లేచిపోయేది. తింటే వచ్చేది, తినకపోయినా వచ్చేది. వంగి కూర్చుంటే ఒకనాడు తగ్గేది, ఇంకొకనాడు వంగినందుకే పెరిగేది. కారం మానేసి చూసింది, పులుపు మానేసి చూసింది, చాయ్ మానేసి చూసింది. చాయ్ మానేసినందుకు తలనొప్పి కూడా వచ్చి చేరింది గనక చాయ్ మళ్లీ మొదలుపెట్టింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే రోడ్డుకు పక్కగా, కోళ్ల ఫారాల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు వాళ్లది. బాలనర్సమ్మ, ఆమె భర్త సోమయ్య ఇద్దరూ ఒకే ఫారంలో పని. సోమయ్య కోళ్లకు దాణా పోస్తాడు, ఆమె గుడ్లు ఏరి అట్టల్లో సర్దుతుంది. నొప్పి లేచినప్పుడు గుడ్ల అట్టను పక్కన పెట్టి, గోడకు వీపు ఆనించి, అది పోయేదాకా కూర్చుని, మళ్లీ అట్ట అందుకునేది. మొదట్లో మేస్త్రీ అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు.

ఊళ్లో వైద్యమంతా భిక్షానిది. ఆరెంపీ. ఏ రోగానికైనా ఆయన దగ్గర మూడు మాటలుండేవి. మొదటిసారి పోతే గ్యాసన్నాడు. రెండోసారి వేడన్నాడు. మూడోసారి నీరసమని సూదేశాడు. ఇంకోసారి పోయేసరికి మాటలు అయిపోయి మళ్లీ గ్యాసు దగ్గరికి వచ్చాడు. అప్పుడు సోమయ్యకు కోపమొచ్చి పెళ్లాన్ని మేడ్చల్ తీసుకుపోయాడు. అక్కడ ఛాతీ ఫోటో తీశారు. అక్కణ్నుంచి సికింద్రాబాదులో పెద్ద దవాఖానకు పోతే ఒంటి మీద తీగలు పెట్టి గుండె చూశారు, కడుపు మీద జిగురు పూసి కడుపు చూశారు, అదీ చాలక నోట్లోంచి గొట్టం దింపి లోపల లైటు వేసి మరీ చూశారు. చివరికి ఒక కుర్ర డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "నీకేం లేదమ్మా, అంతా నార్మల్" అని నవ్వాడు.

బాలనర్సమ్మకు నవ్వు రాలేదు. మనిషి మీద దొంగతనం మోపి, ఇల్లంతా వెతికి, ఏమీ దొరక్క వదిలేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆమెకు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరు అడిగినా సోమయ్య దవాఖాన కాగితాల కవరు తెచ్చి చూపించి, "అంత నార్మలే అన్నరు" అని చెప్పేవాడు. చెప్పడంలో ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. కాకపోతే విన్నవాళ్లు కవరు చూసి, బాలనర్సమ్మను చూసి, పని ఎగ్గొట్టడానికి మంచి నొప్పే దొరికిందన్నట్టు తలాడించేవాళ్లు.

నమ్మిన మనిషి ఒక్కతే, ఐలమ్మ. సోమయ్య అన్న గండయ్య భార్య. గండయ్య పోయి చాలా కాలమైంది. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. బాలనర్సమ్మకు ఐలమ్మ యారాలు, అంటే తోడికోడలు. యారాండ్లంటే ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకోవాలని లోకం అనుకుంటుంది గానీ, వీళ్లిద్దరికీ ఆ తీరిక దొరకలేదు. నొప్పి లేచిందని తెలిస్తే ఐలమ్మ వచ్చి, బాలనర్సమ్మ వెనకాల కూర్చుని, వీపులో మోకాలు ఆనించి, భుజాలు పట్టుకుని వెనక్కి లాగేది. ఎట్లుంది, తగ్గిందా అని అడిగేది కాదు. "ఇయ్యాల ఎంత దాక వచ్చింది?" అని అడిగేది, వానకు వాగు ఎంతదాకా వచ్చిందో అడిగినట్టు. "రొమ్ము దాక" అనో, "భుజం దాక" అనో బాలనర్సమ్మ చెప్పేది. నొప్పి తగ్గేది కాదు గానీ, దాన్ని చూసిన మనిషి ఇంకొకరున్నారన్న ధైర్యం ఉండేది.

బాలనర్సమ్మకు ఒక పట్టింపుంది. పరాయి ఇంట్లో చెయ్యి కడగదు. పెళ్లిళ్లకు పోయినా ఇంట్లో తిని పోతుంది. చాయ్ ఇచ్చినా, "ఇప్పుడే తాగొచ్చిన" అంటుంది. తల్లి నేర్పిన అలవాటది. దాని గురించి ఆమెకు కొంచెం గొప్ప కూడా. ఐలమ్మ ఇల్లు మాత్రం పరాయిల్లు కాదు. ఐలమ్మ చేసిన పచ్చిపులుసు లేకపోతే బాలనర్సమ్మకు అన్నం దిగేది కాదు. తన వంట కంటే యారాలి వంట బాగుంటుందని నలుగురిలో ఒప్పుకున్న ఆడమనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

సర్కారు బళ్లలో పిల్లలకు పగటి అన్నం పెట్టడం మొదలైంది ఆ రోజుల్లోనే. వంట పని పొదుపు సంఘం ఆడవాళ్లకు ఇవ్వాలన్నారు. సంఘం ఐలమ్మ పేరు రాసింది. సంఘంలోనే ఉన్న బుచ్చమ్మ తన కోడలి పేరు రాయించాలని చాలా చూసింది, కుదరలేదు. ఐలమ్మకు వేరే ఆసరా లేదు. పొద్దున్నే బడి వెనక రేకుల కింద పొయ్యి ముట్టించి, పిల్లలు తిన్నాక గంజులు తోముకుని ఇల్లు చేరేది. పెళ్లయిన ఇన్నేళ్లకు తనను పేరుపెట్టి పిలిచి పని చెప్పేవాళ్లు దొరికారని బాలనర్సమ్మతో అంది. నవ్వుతూ అంది గానీ, నవ్వులాటకు కాదు.

బాలనర్సమ్మకు మందు పెట్టారేమోనని మొదట అన్నది బుచ్చమ్మే. మందు పెట్టడమంటే ఆ వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి పెడతారు, అది కడుపులో అంటుకుని పెరుగుతుంది, మనిషిని లోపలి నుంచి తింటుంది, దవాఖానలో ఏ మిషనుకూ కనపడదు. ఈ ఆఖరి గుణం వల్లే బాలనర్సమ్మ ఆ మాట చెవిన పెట్టింది. మిషన్లకు కనపడనిదేదో తనలో ఉందని ఒకరు ఒప్పుకోవడమే ఆమెకు చల్లగా తగిలింది.

"శామీర్‌పేట అవుతల ఉన్నడు ఒకాయన," అంది బుచ్చమ్మ. "మందు తీస్తడు. మస్తు మందికి తీసిండు. నేను తోల్కపోత పా."

ఆయన ఇంటి ముందు జనం దవాఖాన కంటే ఎక్కువగా ఉన్నారు. కుర్ర డాక్టరు కంటే ఎక్కువ సేపు ఆయన ఆమె మాట విన్నాడు. నొప్పి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, ఎప్పుడొస్తుంది అని అడిగి, ఆమె చెబుతుంటే కళ్లు మూసుకుని తలాడించాడు. తర్వాత పచ్చగా ఉన్న ఆకు పసరు చెంబెడు తాగించాడు. బాలనర్సమ్మ పేగులు బయటికొచ్చేటట్టు కక్కింది. బూడిద పోసిన పళ్లెంలో పుల్ల పెట్టి కెలికి, నల్లగా ఉండలాగా ఉన్నదాన్ని పైకెత్తి చూపించాడు.

ఆయనకొక నియమం ఉంది. మందు పెట్టినవాళ్ల పేరు ఆయన చెప్పడు. చెబితే పాపమట. అడుగుతాడు, అంతే.

"ఎవరింట్ల తిన్నవ్ బిడ్డా?"

"నేను ఎవరింట్ల తినను," అంది బాలనర్సమ్మ, మూతి తుడుచుకుంటూ, ఇంత నీరసంలోనూ మెడ నిలబెట్టి.

"యాద్ జేస్కో. ఒక్క ఇల్లన్న ఉంటది."

"ఎక్కడ తిననయ్యా. చాయ్ గూడ తాగ. మా అక్క ఇంట్ల తప్ప ఎవరింట్ల మెతుకు ముట్ట."

ఆమె అది ఐలమ్మ గొప్ప చెప్పినట్టే చెప్పింది. ఆయన ఊఁ అని చేతులు కడుక్కున్నాడు. పక్కనున్న బుచ్చమ్మ ఏమీ అనలేదు. బస్సు ఎక్కాక కూడా ఏమీ అనలేదు. బుచ్చమ్మ నోరు మూసుకుని ఉండటం బాలనర్సమ్మ ఎన్నడూ చూసి ఉండలేదు గనక, ఊరు దగ్గర పడేసరికి ఆమెకు తను ఏం మాట అని వచ్చిందో తెలిసింది. అప్పటికి చాలా ఆలస్యమైంది. మర్నాటికల్లా ఆ మాట బుచ్చమ్మ నోట ఊరంతా తిరిగింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. నొప్పి తగ్గింది. ఏదో కొంచెం కాదు, పూర్తిగా పోయింది. బాలనర్సమ్మ కడుపునిండా తిని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నడిచింది. సోమయ్య దవాఖాన కవరు తీసుకుపోయి ట్రంకు పెట్టెలో అడుగున పడేసి, "గిన్నొద్దులు పరేషాన్ అయినం, ముందే పోతే అయిపోతుండె" అన్నాడు. ఆమెకు తగ్గినకొద్దీ ఊరికి ఐలమ్మ మీద రుజువు పెరిగింది.

ఎవరూ ఐలమ్మతో గొడవ పడలేదు. గొడవ పడితే మాట వస్తుంది, మాట వస్తే జవాబు చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆ వీలు ఇవ్వలేదు. ఆమె వస్తుంటే బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు కొంచెం జరుపుకున్నారు. ఆమె ఇచ్చిన చాయ్ ఎవరూ తాగలేదు. పిల్లలు బడికి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మొదట బుచ్చమ్మ మనవడు, తర్వాత ఆ వాడ, తర్వాత అందరూ. పెద్దసారు వెంకటరామయ్య గుంటూరు వైపు మనిషి, అల్వాల్‌లో కాపురం, రోజూ బస్సులో వస్తాడు. పిల్లలకు పెట్టే ముందు సారు ఒక ముద్ద రుచి చూడాలని రూలు. "నేను ఇలాంటివి నమ్మనండీ," అని ఆయన అందరితో అన్నాడు. అని, ఆ వారం నుంచి తనకు షుగరు ఎక్కువైందని ముద్ద తినడం మానేశాడు.

ఐలమ్మ రోజూ గంజు నిండా వండింది, రోజూ గంజు నిండా మిగిలింది. దసరా సెలవుల తర్వాత వంట వేరేవాళ్లకు ఇద్దామని సంఘంలో అనుకున్నారు. వేరేవాళ్లంటే బుచ్చమ్మ కోడలు.

బాలనర్సమ్మ ఇదంతా గోడ ఇవతల నుంచి చూసింది. చూసి ఏం చేసిందంటే, ఏమీ చేయలేదు. యారాలి ఇంట్లో తినడం ఆమె కూడా మానేసింది. తను నమ్మలేదు. అట్లాగని నమ్మకుండానూ లేదు. ఇన్నేళ్లుగా ఎవరూ పట్టుకోలేని నొప్పి ఒక్క నాటితో పోయిందంటే ఏదో ఉండే ఉంటుందని ఒక మనసు అనేది. ఐలమ్మ మోకాలు తన వీపులో ఉన్నట్టే ఉందని ఇంకో మనసు అనేది. ఆమెకు సిగ్గుగా ఉండేది, కానీ సిగ్గు కంటే సుఖం ఎక్కువగా ఉండేది. నొప్పి లేని మనిషికి వచ్చే నిద్ర అటువంటిది.

బతుకమ్మకు పూలు తెచ్చే రోజుల్లో, ఫారంలో గుడ్లు సర్దుతుండగా, బొడ్డుకు పైన ఏదో కదిలింది. బాలనర్సమ్మ అట్ట పట్టుకునే ఆగిపోయింది. అది మెల్లగా పైకి పాకింది. రొమ్ము కిందికి వచ్చి, పాత చోటే, ఎప్పుడూ కూర్చునే తీరుగానే కూర్చుంది.

ఆమె గోడకు ఆనుకుని జారి కూర్చుంది. ఐలమ్మ చేతి మెతుకు ముట్టక ఎన్నాళ్లయిందో లెక్క పెట్టుకునేసరికి ఒళ్లంతా తేలికయింది. ఇంతవరకూ నొప్పి రావాలని కోరుకున్న మనిషి ఎవరైనా ఉన్నారో లేదో గానీ, ఆ మధ్యాహ్నం ఆమె మాత్రం రానీ, ఇంకా రానీ అనుకుంది.

"నొప్పి లేసింది," అంది సోమయ్యతో, అన్నం దగ్గర.

సోమయ్య ముద్ద ఆపాడు. "మల్లనా?"

"అవు."

"గట్లయితే నవ్వుతున్నవేందే?"

"అక్క పెట్టలేదు. అక్క పెడితే ఇప్పుడెట్ల లేస్తది? నేను గాడ తిననే లేదు గద."

సోమయ్య ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. ఆయనకు వదిన అంటే గౌరవమే. అన్న పోయినప్పటి నుంచి ఆమెకు కావలసింది ఆయనే చూసుకునేవాడు, ఈ మధ్యే ఆపాడు. "మరి గా నల్లటిదేంది, కక్కినవు గద?" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్నే బోరింగు దగ్గర అందరూ ఉన్నప్పుడు బుచ్చమ్మతో అదే మాట చెప్పింది. అందరూ వినాలనే గట్టిగా చెప్పింది. బుచ్చమ్మ బిందె నింపుకుంటూ తాపీగా వింది.

"ఏరు మిగిలింది," అంది, చెట్టు కొట్టినా లోపల వేరు మిగిలిందన్నట్టు. "గట్టి మందు పెట్టింది. ఒక్కపారి తీస్తే పోదు. అమాసకు ఇంకొకపారి పోదాం."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. నొప్పి పోతే ఐలమ్మ పెట్టిన మందు పోయినట్టు. నొప్పి వస్తే ఐలమ్మ పెట్టిన మందు మిగిలినట్టు. బాలనర్సమ్మ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చింది. తన కడుపు తన మాట వినదని ఆమెకు తెలుసు గానీ, ఊళ్లో వాళ్లు తన కడుపు మాట కూడా వినరని ఆ రోజే తెలుసుకుంది.

ఆ సాయంత్రం ఐలమ్మ ఇంటికి పోయింది. ఐలమ్మ వాకిట్లో గంజు తోముతోంది. తలెత్తి చూసి, పీట చూపించింది. బాలనర్సమ్మ పీట మీద కూర్చోకుండా కిందనే కూర్చుంది.

"నేను నీ పేరు గట్ల చెప్పలే అక్కా. ఆయన అడిగిండు, ఎవరింట్ల తిన్నవని. తిన్న ఇంటి పేరు చెప్పిన."

"తిన్న ఇంటి పేరే చెప్పినవ్. అబద్ధమేం చెప్పలే."

గంజు అడుగున మాడు గట్టిగా పట్టినట్టుంది. ఐలమ్మ దాన్నే రుద్దుతోంది.

"నేను పెట్టిన్ననుకున్నవా?"

"అనుకోలే." కొంచెం ఆగి బాలనర్సమ్మ అంది, "కొన్నొద్దులు అనుకున్న."

"గా కొన్నొద్దులు నిద్రెట్ల పట్టిందే నీకు?"

"మంచిగనే పట్టింది అక్కా. నొప్పి లేకుండె."

ఐలమ్మ చేయి ఆగింది. తిడుతుందనుకుంది బాలనర్సమ్మ. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఐలమ్మ తిట్టలేదు, బూడిద చేతులతో అట్లాగే కూర్చుంది. ఆమె చిక్కిపోయిందని, మెడ దగ్గర ఎముకలు కనపడుతున్నాయని బాలనర్సమ్మ అప్పుడు చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"మల్ల లేసింది అక్కా," అంది. "నీ ఇంట్ల మెతుకు ముట్టక ఎన్నొద్దులైతాంది. అయినా లేసింది."

"నిజంగనా?" అంది ఐలమ్మ. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. మరుక్షణమే తను దేనికి సంతోషపడిందో తెలిసి, సిగ్గుపడి, కళ్లు దించుకుని, చేతులు చీరకు తుడుచుకుంది. "ఎంత దాక వచ్చింది?"

"రొమ్ము దాక."

"ఇటు తిరుగు," అని ఐలమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది.

మర్నాడు బాలనర్సమ్మ ఫారానికి పోలేదు. పగటి గంట కొట్టే వేళకు తలె చేతబట్టుకుని బడికి పోయింది. తలె అంటే వాళ్ల ఇంట్లో కంచమే. గేటు దగ్గర డబ్బాలు తెచ్చిన తల్లులు నిలబడి ఉన్నారు, బుచ్చమ్మ కూడా ఉంది. వరండాలో పెద్దసారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ ఆయన ఒళ్లో ఉంది. బాలనర్సమ్మ ఎవరినీ పలకరించకుండా వరండా మధ్యలో, పిల్లల వరసలో, పట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?" అన్నాడు సారు.

"ఆకలైతాంది సారూ."

"ఇది పిల్లలకు."

"పిల్లలు తింటలేరు గద. పారబోసుడే గద."

సారు చుట్టూ చూశాడు. రూలు ప్రకారం కాదనాలి. కాదంటే ఎవరో ఒకరు ఆయన్ను ముద్ద తినమని అడగొచ్చు. "సరే, పెట్టండి" అన్నాడు.

ఐలమ్మ అన్నం పెట్టి పప్పు పోసింది. బాలనర్సమ్మ కలుపుకుని తింది. పరాయి ఇంట్లో చాయ్ కూడా తాగని మనిషి బడి వరండాలో పదిమంది కళ్ల ముందు తింటుంటే, గేటు దగ్గర వాళ్లు సినిమా చూసినట్టు చూశారు. మొదట పెట్టింది సుఖంగా దిగింది. మారు పెట్టించుకుంది. రెండు ముద్దలు తినేసరికి బొడ్డుకు పైన కదిలింది.

వేళాపాళా లేని నొప్పని ఆమెకు తెలుసు. అయినా ఇప్పుడు రాదనుకుంది. ఎందుకట్లా అనుకుందో ఆమెకే తెలియదు. అది పాకి రొమ్ము కిందికి వచ్చింది. అక్కడ కూర్చోలేదు. భుజంలోకి పోయి, దవడ కింద దాకా పట్టుకుంది. ఇంట్లో అయితే ముందుకు వంగి, పిడికిలితో పొడుచుకుంటూ ఉండేది. ఇక్కడ మూతి వంకర పోయినా, చెయ్యి పొట్ట మీదికి పోయినా, గేటు దగ్గర ఒక్కటే మాట పుడుతుంది, ఐలమ్మ అన్నం తిని అక్కడే పడిందని. బాలనర్సమ్మ నడుము నిటారుగా పెట్టుకుని, ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది. చెవుల వెనక చెమట కారింది. వేడిగా ఉందన్నట్టు కొంగుతో విసురుకుంది.

ఎవరూ కనిపెట్టలేదు, ఐలమ్మ తప్ప. గంటె చేతిలో పట్టుకుని ఆమె బిగుసుకుపోయింది. ఆ ముఖాన్ని ఎన్నేళ్లుగానో వెనక నుంచీ ముందు నుంచీ చూసిన మనిషి.

"ఇగ అన్నం అయిపోయింది," అంది ఐలమ్మ. "లే."

"గంజుల ఉన్నది. కనవడుతాంది. పెట్టు."

"సాలు లేవే నర్సూ."

"పెట్టు అక్కా," అంది బాలనర్సమ్మ, గేటు దాకా వినపడేటట్టు. "కడుపు నిండలే."

పిల్లలు కిలకిల నవ్వారు. ఐలమ్మ పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పొగ వల్ల అనుకున్నారు. బాలనర్సమ్మ ఆ అన్నం కూడా పూర్తిగా తిని, తలె నాకినట్టు ఊడ్చి, లేచి, బోరింగు దగ్గర చెయ్యి కడుక్కుని, తలె కడుక్కుని, గేటు దాకా నడిచింది. బుచ్చమ్మ ముందు ఆగింది.

"పప్పుల ఉప్పు తక్కువైంది," అంది. "గది ఒక్కటే లోటు."

ఇల్లు చేరి తలుపు వేసుకున్నాక నేల మీద పడి, కొంగు నోట్లో కుక్కుకుని దొర్లింది. పొద్దు వాలేదాకా అది వదల్లేదు. చచ్చిపోతానని అనుకుంది. చచ్చిపోతే ఐలమ్మ పని మళ్లీ మొదటికే వస్తుందని భయపడింది. అందుకని చావలేదు.

మర్నాడు కూడా పోయి తింది. ఆ మర్నాడూ తింది. మొదట ఇద్దరు పిల్లలు డబ్బా మూతలు తీయకుండా వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్ల ఇంటి కూర కంటే ఐలమ్మ పప్పు బాగుంటుందని వాళ్లకెప్పుడూ తెలుసు. తర్వాత వరస నిండింది. పెద్దసారుకు షుగరు తగ్గింది. దసరా తర్వాత కూడా బడి వంట ఐలమ్మే చేసింది. బుచ్చమ్మ కోడలు ఫారంలో పనికి చేరి బాలనర్సమ్మ పక్కనే గుడ్లు సర్దింది.

నొప్పి మాత్రం పోలేదు. వారానికోసారో, నెలకోసారో, దాని ఇష్టం. నలుగురిలో ఉంటే బాలనర్సమ్మ నిటారుగా కూర్చుని ఆ మాటా ఈ మాటా చెప్పేది. నొప్పి లేచినప్పుడు ఆమె ఎక్కువ మాట్లాడుతుందని, నవ్వుతుందని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఐలమ్మకు తెలుసు. ఆమె ఏదో పని ఉన్నట్టు పిలిచి, లోపలి అర్రలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసేది. ఊరు మాత్రం బాలనర్సమ్మకు పూర్తిగా నయమైందని తేల్చింది. దాంతో శామీర్‌పేట అవతలి ఆయన పేరు ఇంకా పెరిగింది. ఆయన ఇంటి ముందు జనం కూడా పెరిగారు.

మరుసటి ఎండాకాలంలో పక్క ఊరి నుంచి భవిత అనే పిల్ల వచ్చింది. కొత్తగా పెళ్లయిన పిల్ల. బాలనర్సమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. పిల్ల గడప దగ్గర నిలబడి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఉంది. ఆ పట్టుకోవడం చూడగానే బాలనర్సమ్మకు అంతా తెలిసిపోయింది.

"పెద్దమ్మా, నీకు గీ కడుపు నొప్పి ఉండెనంట గద. మందు తీపిచ్చుకుంటే పోయిందంట. ఆయన ఏడుంటడో చెప్తవా?"

"దవాఖానల సూపిచ్చుకున్నవా?"

"మస్తు సూపిచ్చిన్రు. అంత నార్మల్ అంటున్నరు."

బాలనర్సమ్మ ఆ పిల్లను కూర్చోమని, చెంబుతో నీళ్లిచ్చింది. నొప్పి ఎంత దాక వస్తుందని అడిగింది. పిల్ల తెల్లబోయి చూసి, వేలితో చూపించింది. ఆ మాట ఎవరూ అడగలేదేమో, కళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఎవరింట్ల తింటవ్ బిడ్డా?"

"ఎవరింట్ల తింట పెద్దమ్మా? మా అత్తగారింట్ల. మా ఆడిబిడ్డ పక్కింట్ల ఉంటది, ఆమె ఏం జేసినా నాకు పంపుతది. నాకు గాడ ఆమె ఒక్కతే మంచిగ మాట్లాడేది."

బాలనర్సమ్మ పిల్ల చేతిలోంచి ఖాళీ చెంబు అందుకుంది. ఆయన ఉత్త మోసగాడు, పోకు, నాకు తగ్గలేదు అని చెప్పొచ్చు. తగ్గలేదన్న మాట సాయంత్రానికల్లా బోరింగు దగ్గరికి చేరుతుంది, ఏరు మిగిలిందని బుచ్చమ్మ మళ్లీ లేస్తుంది, రేపటి నుంచి బడికి డబ్బాలు వస్తాయి. తగ్గిందని చెబితే ఈ పిల్ల రేపు పొద్దున్నే శామీర్‌పేట బస్సెక్కుతుంది, పసరు తాగుతుంది, కక్కుతుంది, ఆయన చేతులు కడుక్కుంటూ అడుగుతాడు. పోవద్దంటే మాత్రం ఆగుతుందా. తను ఆగిందా.

"తగ్గింది," అంది బాలనర్సమ్మ. శామీర్‌పేటలో దిగి ఎటు పోవాలో చెప్పింది. చెప్పి, పిల్ల లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "తీసినంక ఆయన ఒక్క మాట అడుగుతడు. ఎవరింట్ల తిన్నవ్ అని. అప్పుడు బాలనర్సమ్మ ఇంట్ల అని చెప్పు. ఇంకెవరి పేరు ఎత్తకు. గట్టిగ అడిగినా ఎత్తకు."

"నీ పేరా?" పిల్ల నవ్వబోయి ఆగింది. "గట్ల చెప్తే నిన్ను ఏమన్న అంటరేమో పెద్దమ్మా."

"ఏమనరు. బిందెలు జరుపుకుంటరు. గంతే."

"అయినా నేను మీ ఇంట్ల ఎన్నడు తిన్న?"

బాలనర్సమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. తలె తీసి, కడిగి, అన్నం పెట్టి, పక్కన పచ్చిపులుసు పోసింది.

"కాళ్లు చేతులు కడుక్కొని రా," అంది. "అబద్ధం చెప్పుడెందుకు."